పన్నెండో నంబరు గదిలో మేకు

మా ఇంట్లో టూత్‌పేస్టుకి రెండు పనులుండేవి. ఒకటి పళ్ళు తోముకోవడం, రెండోది ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడలకున్న మేకుల చిల్లులు పూడ్చడం. సామానంతా లారీకెక్కి, అమ్మ వంటగది కడిగేసి, నేను పెరట్లో మర్చిపోయిన బంతి తెచ్చుకున్నాక కూడా పేస్టు ట్యూబు మాత్రం నాన్న చొక్కాజేబులోనే ఉండేది. ఆఖరున ఆయనొక్కరే లోపలికి వెళ్ళి, మేకు ఊడబీకి, ఆ చిల్లులో పేస్టు నొక్కి, బొటనవేలితో నున్నగా రాసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసుకునేవారు. మనం ఆ ఇంట్లో ఉన్నామన్న ఆనవాలే ఓనరుగారికి తెలియకూడదని ఆయన సిద్ధాంతం. ఇల్లు మారిన ప్రతిసారీ నాన్న బొటనవేలు పిప్పరమెంటు వాసన వేసేది. ఆ వేలు పట్టుకునే నేను పదకొండు ఇళ్ళు మారాను.

అలాంటి ట్యూబొకటి మొన్న, కెనడాలో మేముండే ఊరు కనాటాలో, మా బేస్‌మెంటులో దొరికింది. దానికోసం వెతకలేదు. మెక్సికోలో సముద్రం ఒడ్డున ఓ చిన్న రిసార్టులో మాకో టైమ్‌షేరు ఉంది. అంటే ఇరవై నాలుగు గదుల మూడంతస్తుల మేడలో పన్నెండో నంబరు గది ఏటా ఒక్క వారం మాది. మిగతా యాభై ఒక్క వారాలు యాభై ఒక్క కుటుంబాలది. ఇప్పుడు యాజమాన్యం మారిందట, పాత వాటాలన్నీ వెనక్కి తీసుకుంటున్నారట, సంతకం చేసి పంపమని ఈమెయిల్ వచ్చింది. ఏళ్ళ తరబడి వెళ్ళని చోటుకి ఏటా మెయింటెనెన్సు కడుతున్నాం కాబట్టి మా ఆవిడ సుధ ఆ మెయిల్ చూసి దణ్ణం పెట్టినంత పని చేసింది. సర్టిఫికెట్ నంబరు కావాలన్నారని పాత సూట్‌కేసు తీస్తే, పక్కజేబులో ఎండి రాయైపోయిన తెల్ల పేస్టు ట్యూబు తగిలింది. అక్కడే మెట్లమీద కూర్చుండిపోయాను. సర్టిఫికెట్ సంగతి సాయంత్రానికి గాని గుర్తురాలేదు.

మా నాన్న ట్రెజరీ ఆఫీసులో గుమస్తా. తెనాలి, గుడివాడ, తుని, మళ్ళీ తెనాలి. ఎక్కడికి బదిలీ అయితే అక్కడో రెండు గదుల వాటా. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. నాన్న పెళ్ళయితే చేసుకున్నారు గాని, ఇల్లు మాత్రం ఇతరులు కట్టినవే చూశారు. ఓనర్లలో ఎన్ని రకాలుంటారో మాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎనిమిది దాటాక రుబ్బురోలు కదపొద్దనేవారొకరు, చుట్టాలు రెండ్రోజులకి మించి ఉంటే మెట్లమీద నిలబడి గట్టిగా దగ్గేవారొకరు. కానీ అందరూ ఒక్కమాట మీద నిలబడేది మేకు దగ్గరే. గోడకి మేకు కొట్టకూడదు. నాన్నకేమో క్యాలెండరు లేకపోతే తెల్లారదు. లేవగానే తిథి, వారం, వర్జ్యం చూసుకుని గాని కాఫీగ్లాసు ముట్టుకునేవారు కాదు. అందుకని ఓనరుగారు బజారుకో గుడికో వెళ్ళే దాకా కాచుకుని, పచ్చడిబండకి పాతగుడ్డ చుట్టి, చప్పుడు కాకుండా ఒక్క మేకు దింపేవారు. ఆ కాసేపూ అమ్మ వీధిగుమ్మంలో కాపలా. ఆఫీసులో పైసా ముట్టని మనిషి, ఇంట్లో మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఒక మేకు దొంగతనంగా కొట్టారు.

నేను టెలికాం కంపెనీలో చేరి అమ్మానాన్నల్ని కనాటా తెచ్చుకున్నప్పుడు నాకింకా పెళ్ళి కాలేదు. ఓ టౌన్‌హౌస్ అద్దెకి తీసుకున్నాను. నాన్న లోపలికి అడుగుపెడుతూనే అడిగిన మొదటిమాట, "ఓనరుగారు ఎక్కడుంటార్రా?" అని. ఓనరుగారంటూ ఎవరూ లేరు నాన్నా, మేనేజ్‌మెంట్ కంపెనీ ఒకటుంటుంది, ఏదన్నా పాడైతే ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తుతుంది అని చెప్పాను. కంటికి కనపడని ఓనరు మరీ ప్రమాదమని ఆయన తేల్చేశారు. ఆ అమ్మాయితో ఫోన్లో మాట్లాడేటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. మంచు పడితే ఆమెకి కోపం వస్తుందేమోనని ఎవరూ అడక్కుండానే మా వాకిలితోపాటు పక్కవాళ్ళ వాకిలి కూడా ఊడ్చేవారు. హీటరు గాలి వచ్చే చోట పంచె ఆరేసి, ఇంగువ వాసన బయటికి పోకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, పిల్లి అడుగులేసుకుంటూ తిరిగేవారు. క్యాలెండరు మాత్రం ఫ్రిజ్జు మీద అయస్కాంతంతో అంటించారు. ఫ్రిజ్జు తలుపు తీసినప్పుడల్లా ఏకాదశి కిందపడేది.

మా ఆఫీసులో చలికాలం వచ్చిందంటే ఒక్కొక్కళ్ళే మెక్సికో వెళ్ళి, వారం తర్వాత కాల్చిన వంకాయల్లా తిరిగొచ్చేవారు. నేనూ అమ్మానాన్నల్ని తీసుకుని వెళ్ళాను. రెండోరోజు పొద్దున రిసార్టువాళ్ళు, ఓ గంటన్నర మా మాటలు వినండి, ఫలహారం ఉచితం, పైగా ఓ చెక్కచిలక బహుమతి అన్నారు. అమ్మకి చిలక నచ్చింది. అందుకని వెళ్ళాం. పావోలా అనే చలాకీ అమ్మాయి మాకెదురుగా కూర్చుని బొప్పాయి ముక్కలు కొసరి కొసరి పెడుతూ చార్టులు చూపించింది. అమ్మ నా చెవిలో, "ఏరా, టిఫిన్ పెట్టి మరీ కూర్చోపెట్టారు, ఇవేమన్నా పెళ్ళిచూపులా?" అంది. నేను వద్దని చెప్పడానికి మర్యాదైన వాక్యం వెతుక్కుంటున్నాను. అప్పుడు పావోలా నోట 'ఓనర్' అన్న మాట వచ్చింది. మీరు గెస్ట్ కాదు సర్, ఓనర్ అవుతారు అంది. అప్పటిదాకా బొప్పాయి గింజలు ఏరుకుంటున్న నాన్న తలెత్తారు.

"వన్ క్లారిఫికేషన్, మేడమ్," అన్నారు, ఫైలు మీద నోట్ రాసే గొంతుతో. "ఓనరంటే, గోడకి మేకు కొట్టుకోవచ్చా?"

నేనా ప్రశ్నని ఇంగ్లీషులో పెట్టాను. గంటన్నర నుంచి గొంతెండిపోయేలా సముద్రం గురించీ స్విమ్మింగ్‌పూల్ గురించీ చెబుతున్న ఆ పిల్ల, ఇంత చిన్న కోరిక కోరిన మనిషిని చూడలేదు కాబోలు, చేతులు రెండూ చాచి, "సర్, ఇట్స్ యువర్ హోమ్!" అంది.

నాన్న నావైపు తిరిగి, "సంతకం పెట్టరా శేషూ," అన్నారు.

పెట్టాను. నలభై పేజీల కాగితాలు, చదవకుండా. ఇప్పుడెవరైనా ఇలా చేస్తే నేనే చివాట్లు పెడతాను. కానీ అంతకుముందు నాన్న నన్ను ఏదీ అడగలేదు, ఒక్క చొక్కా కూడా. చలికాలం వారాలన్నీ ఎప్పుడో అమ్ముడుపోయాయట, మిగిలింది సెప్టెంబరు చివరి వారం. అక్కడది నిండు వానాకాలమని, తుఫాను రోజులని, సముద్రం బురదరంగులో ఉంటుందని, రెస్టారెంటు సగం మూసేస్తారని పావోలా చెప్పలేదు, మేం అడగలేదు. అమ్మ ఒక్కతే వేళ్ళమీద లెక్కపెట్టి, "అవి మహాలయ పక్షాలు కదండీ, పక్షాల్లో ప్రయాణమేమిటి?" అంది. "మనింటికి మనం వెళ్ళడానికి ముహూర్తమేమిటే?" అన్నారు నాన్న. మనిల్లు అన్న మాట ఆయన నోట వినడం నాకదే మొదలు. అమ్మ చిలకని ఒళ్ళో పెట్టుకుని దాని ముక్కు తుడిచింది.

ఆ ఏడు సెప్టెంబరు వస్తుండగా నాన్న నాతో కనాటాలో హార్డ్‌వేర్ షాపుకొచ్చారు. ఒక్క మేకు కావాలి. ఒక్కటి అమ్మరు, వంద మేకుల డబ్బా కొనాలి. ఆయన ఆ డబ్బాని రెండు చేతుల్లో పట్టుకుని చూసుకున్నారు. "వంద మేకులు! ఇన్ని కొట్టడానికి ఎన్ని ఇళ్ళు కావాల్రా?" అన్నారు. పెట్టెలో బట్టలకన్నా ముందు క్యాలెండరు సర్దారు, చుట్ట చుట్టి, రెండు పంచెల మధ్య. పచ్చడిబండ అమ్మ పెట్టెలోకి వెళ్ళింది. పాతగుడ్డ కూడా పెట్టనా అని అమ్మ అడిగితే, "ఎందుకూ?" అన్నారు. నిజంగానే అర్థం కానట్టు మొహం పెట్టారు గాని, అర్థమైందని మీసం కింద తెలుస్తూనే ఉంది.

వానలోనే దిగాం. గదిలోకి వెళ్ళగానే నాన్న చెప్పులు విప్పి, కుడికాలు ముందు పెట్టి, మంచానికెదురుగా ఉన్న గోడ ముందు నిలబడ్డారు. మేకు ఆనించారు. పచ్చడిబండ ఎత్తారు. ఠంగుమని ఒక్కటేశారు. మేడ మేడంతా మోగింది. మేకు వంగింది. అది కనాటాలో పిండిలాంటి డ్రైవాల్ గోడలకి పుట్టిన మేకు, ఇక్కడేమో కాంక్రీటు గోడ. ఇంకోటి తీశారు. అదీ వంగింది. ఆరో మేకుకి కాబోలు బయట బూట్ల చప్పుడు వినిపించి, తలుపు తోసుకుని ఓ పెద్దాయన లోపలికొచ్చాడు. బొద్దుమీసం, నడుముకి పనిముట్ల తోలుసంచి. అతనా రిసార్టులో రిపేర్లు చూసే ఎర్నెస్టో అని తర్వాత తెలిసింది.

అతన్ని చూసి నాన్న చేసిన పని నా కళ్ళముందు ఇప్పటికీ కదలకుండా ఉంది. మేకున్న చెయ్యి చటుక్కున వీపు వెనక్కి పోయింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు మరి, చెయ్యి ఆయన మాట వినలేదు. అమ్మయితే గుమ్మం వైపు చూసింది, కాపలాలో తప్పు జరిగిందే అన్నట్టు. అప్పుడు నాన్నకి ఏదో గుర్తొచ్చింది. చెయ్యి ముందుకి తెచ్చి, మేకు చూపించి, గొంతు సవరించుకుని, "ఐ యామ్ ది ఓనర్," అన్నారు. ఎర్నెస్టో ఆయన్నీ, కిందపడ్డ వంకరమేకుల్నీ, పచ్చడిబండనీ చూశాడు. తోలుసంచిలోంచి నల్లగా పొట్టిగా ఉన్న గట్టిమేకొకటి తీసి, తనే గోడకి ఆనించి వేళ్ళతో పట్టుకుని, కొట్టమన్నట్టు తలూపాడు. ముక్కూమొహం తెలియని మనిషి పచ్చడిబండ కింద వేళ్ళు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో నాకిప్పటికీ తెలియదు. మూడు దెబ్బలు, మూడూ మేడంతా వినపడేలా. మేకు దిగింది. క్యాలెండరెక్కింది. తలా ఓ గ్లాసు కాఫీ తాగాక గాని ఎర్నెస్టోని నాన్న వెళ్ళనివ్వలేదు.

ఆ వారాలన్నీ నాకు వాన చప్పుడుతోనే గుర్తున్నాయి. బీచిలో పిట్టమనిషి ఉండేవాడు కాదు. అమ్మ ఆ బుల్లి స్టవ్ మీద ఉల్లిపాయ పకోడీలు వేసేది, ఉప్పుగాలీ నూనెవాసనా కలిసి గదంతా మరుగుతుండేది. బాల్కనీ పిట్టగోడ మీద మూరెడు ఇగ్వానా ఒకటి వచ్చి కూర్చునేది. మొదటిసారి చూసినప్పుడు అమ్మ గరిటె పట్టుకుని, "తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు, ఊసరవెల్లి కూడా ముదిరితే ఇదన్నమాట," అని దానికో పకోడీ విసిరింది. తిన్నది. మర్నాటి నుంచి వేళకి వచ్చేది. నాన్నేమో కుర్చీని గోడవైపు తిప్పుకుని, కాళ్ళు చాపుకుని, మేకుని చూస్తూ కూర్చునేవారు. "ఏమండీ, సముద్రం అటుంది," అనేది అమ్మ. "అది అందరిదీనే," అనేవారు ఆయన.

ఇంక నా సంగతి చెప్పాలి. మొదటి వారం అయిపోయే ముందురోజు, వానకి ఏమీ తోచక, ఆ నలభై పేజీలు చదివాను. ముప్ఫై ఒకటో పేజీలో ఉంది, గది గోడలకి ఎలాంటి మార్పూ చేయరాదని, చేస్తే వాటా రద్దు కూడా కావచ్చని. ఆ పేజీ మళ్ళీ చదివాను. వర్క్ పర్మిట్ మీద బతుకుతున్న రోజులవి, ఏ కాగితం చూసినా భయమే. నాన్నకి చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు బయల్దేరేటప్పుడు, ఏమన్నా మర్చిపోయామేమో చూసొస్తానని వాళ్ళని లాబీలో కూర్చోబెట్టి పైకెళ్ళాను. చెంచాకాడతో మేకు ఊడబీకాను. రిసార్టు కొట్లో కొన్న తెల్ల పేస్టు చిల్లులో నొక్కాను. బొటనవేలితో నున్నగా రాసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూశాను. అంతా నాన్న నేర్పిన విద్యే. చెయ్యి కడుక్కుని కిందికి దిగితే ఆయన, "మేకు గట్టిగా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను.

మరుసటేడు గదిలోకి అడుగుపెట్టగానే గోడ చూసి నాన్న మొహం వాడిపోయింది. అరచేత్తో తడిమి, "పీకేశార్రా," అన్నారు. మళ్ళీ కొట్టారు. వారం చివర నేను మళ్ళీ పీకాను. ఇదంతా మిగతా వారాలవాళ్ళ పనేనని ఆయన నమ్మకం. వాళ్ళందరినీ కలిపి 'అద్దెకున్నవాళ్ళు' అనేవారు. "అద్దెకున్నవాళ్ళకి ఇంటి మీద అభిమానమెందుకుంటుందిరా?" అని, ఏ ఓనరు నోటినుంచో పడ్డ మాటని అచ్చంగా అప్పజెప్పారు. మూడో ఏడు ఊరుకోలేదు. ఎర్నెస్టోని పిలిపించి, నీ చేతుల్తో పట్టి కొట్టించిన మేకు నువ్వే కాపాడకపోతే ఎలా అని నిలదీశారు. ఇద్దరి మధ్యా దుబాసీని నేనే. ఎర్నెస్టో గోడమీద నా పేస్టు మరక దగ్గర వేలు పెట్టి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, నావైపు చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి సముద్రం చూశాను. అతను ఆ వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. సంచిలోంచి ఇంకో గట్టిమేకు తీశాడు. అంత చేసినా నాన్న తృప్తి పడక, కనాటా వచ్చాక మేనేజరుకి ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం రాశారు. మా సిబ్బంది ఎవరూ మీ గదిలో ఏ మేకూ తీయలేదని మర్యాదగా జవాబొచ్చింది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, క్యాలెండరు వెనక పెట్టుకున్నారు. ఆ తర్వాత అద్దెకున్నవాళ్ళ గురించి మాట్లాడలేదు. నేను గండం గడిచిందనుకున్నాను, వెర్రివాణ్ణి.

ఇంట్లో మేం వాడేది నీలంరంగు జెల్ పేస్టు. ఒక్క సెప్టెంబరులో మాత్రం నేను తెల్లది కొనేవాణ్ణి, నీలంది గోడకి పనికిరాదు కనక. ముప్ఫై ఏళ్ళు ట్రెజరీలో బిల్లుల్లో తేడాలు పట్టిన మనిషి ఇది పట్టుకోడని నేనెలా అనుకున్నానో తెలియదు. నాలుగో ఏడు వారమంతా ఆయన మామూలుగానే ఉన్నారు. మేకు కొట్టారు, కుర్చీ తిప్పుకున్నారు, పకోడీలు తిన్నారు. వెళ్ళేరోజు లాబీలో పెట్టెల మధ్య కూర్చున్నాక, నేను లేచి, ఏమన్నా మర్చిపోయామేమో చూసొస్తానన్నాను. నాన్న చొక్కాజేబులో చెయ్యి పెట్టి, తెల్ల పేస్టు ట్యూబు తీసి నాకిచ్చారు.

"ఇదిగో, ఇది మర్చిపోయావు," అన్నారు. కోపం లేదు. "చెంచాతో పీకకు, గోడ పెచ్చులూడుతుంది. మెలితిప్పి లాగు."

అమ్మ అటువైపు తిరిగి పెట్టె జిప్పు సర్దుకుంటోంది. మెట్లెక్కుతుంటే అర్థమైంది. నాలుగేళ్ళ నుంచి ఆయన్ని ఓనరుని చేశాననుకుంటున్నాను, నిజానికి ఏటా ఆయన చేత ఇల్లు ఖాళీ చేయిస్తున్నాను. గది తలుపు తీసే ఉంది. లోపల ఎర్నెస్టో అట్ట మీద కాగితం పెట్టుకుని కంచాలూ చెంచాలూ లెక్కచూసుకుంటున్నాడు. నా చేతిలో ట్యూబు చూశాడు, గోడకున్న మేకు చూశాడు. "అగెయిన్?" అన్నాడు. నేను ట్యూబు జేబులో వేసుకుని తల అడ్డంగా ఊపాను. అతను కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నా మీద రిపోర్టు రాశాడనే అనుకున్నాను. అలాగే కిందికొచ్చేశాను. నాన్న నా బొటనవేలు వంక చూశారు. పొడిగా ఉంది. టాక్సీలో ఎక్కాక, "వచ్చేసారి ఎండగా ఉంటే బాగుండు," అన్నారు. వచ్చే ఏటి సంగతి ఆయన మాట్లాడటం అదే మొదలు.

ఆ చలికాలంలోనే గుండెపోటుతో పోయారు. పక్కవాళ్ళ వాకిలి కూడా ఊడ్చి వచ్చి కూర్చున్నాక. తర్వాత అమ్మ మెక్సికో మాటెత్తలేదు. నాకు పెళ్ళయింది, కంపెనీ మారాను, పాప పుట్టింది. మా వారాన్ని ఎవరో ఒకరికి ఇచ్చేస్తూ వచ్చాం. వాళ్ళందరూ తిరిగొచ్చి వాన గురించి నన్ను తిట్టారు. గోడకి మేకుందా అని మాత్రం నేనెవరినీ అడగలేదు. లేదంటారని భయం.

ఇప్పుడు నేనూ ఓనర్నే. కనాటాలోనే నాలుగు బెడ్‌రూముల ఇల్లు. బ్యాంకువాళ్ళు కూడా ఒప్పుకున్నారు, పూర్తిగా మాదేనని. అయితే ఈ ఇంట్లో ఒక్క మేకు లేదు. అమ్మేటప్పుడు రేటు తగ్గుతుందని సుధ ఫొటోలన్నీ బంకపట్టీలతో అంటించింది. అవి వేసవిలో ఒక్కొక్కటే ఊడి పడుతుంటాయి. వాటర్లూలో చదువుకుంటున్న మా అమ్మాయి మేఘ అద్దెగదికి వెళ్తే, నాలుగు గోడలకీ షెల్ఫులూ గిటారూ సైకిలూ, స్క్రూలు బిగించి వేలాడుతున్నాయి. ఓనరుని అడిగావా అంటే, "డాడ్, ఇట్స్ జస్ట్ డ్రైవాల్," అని నవ్వింది. ఓనరేమో అద్దెకున్నవాడిలా, అద్దెకున్నదేమో ఓనరులా. మధ్యలో నాన్న నలిగిపోయారు. అమ్మ కింద గదిలో ఉంటుంది. చెవులు కాస్త తగ్గాయి, నోరు తగ్గలేదు. రోజూ పొద్దున్నే తిథేమిట్రా అని అడుగుతుంది, నేను ఫోన్లో చూసి కేకేసి చెబుతాను. ఫోన్లో తిథి ఆవిడకి నమ్మకం లేదు.

సర్టిఫికెట్ దొరికాక ఆ ఈమెయిల్‌కి జతచేసిన కాగితాలు ప్రింటు తీశాను. ఆఖరి పేజీ పన్నెండో నంబరు గదిలోని సామాను జాబితా. ఏదో పాత కాగితాన్ని అలాగే స్కాన్ చేసి పంపారు. కంచాలు నాలుగు, చెంచాలు ఆరు, దీపాలు రెండు, కుర్చీలు రెండు, అన్నీ టైపు చేసి ఉన్నాయి. అన్నిటికిందా పెన్నుతో ఒక వరస, స్పానిష్‌లో. అక్షరాలు ముసలిచేతివి, గట్టిగా నొక్కి రాసినవి. ఫోన్లో అనువాదం చూశాను. మేకు, ఒకటి. ఓనరుది.

ఆవేళ గదిలో అతను రాసుకున్నది అది. ఇన్నేళ్ళూ ఎన్ని కుటుంబాలు ఆ మంచం మీద పడుకుని ఆ మేకుని చూసి ఉంటాయో, రంగు వేసినప్పుడల్లా ఎర్నెస్టో దాని చుట్టూ ఎలా వేయించాడో నాకు తెలియదు. జాబితాలో ఉన్న వస్తువుని ఎవరూ తీయరు, అంతే. ట్రెజరీ గుమస్తాకి ఇంతకన్నా పెద్ద భద్రత ఉండదు. పట్టరాని ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఓనరు తన వస్తువుల్లో వెనక్కి తీసుకునేవి ఇక్కడ రాయాలని కింద ఖాళీ గడి ఉంది. ఏమీ అక్కర్లేదు, మేకు అక్కడే ఉండాలి అని రాసి, సంతకం పెట్టాను. ఈసారి ప్రతి పేజీ చదివి.

తర్వాత బేస్‌మెంటులోంచి ఆ మేకుల డబ్బా తెచ్చాను. తుప్పు కూడా పట్టలేదు. సుధ ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చి సొరుగులో పడేసిన క్యాలెండరు తీశాను. అమ్మ గది బయట, ఆవిడ మంచంలోంచి కనపడే గోడకి మేకు ఆనించి, పచ్చడిబండతో ఒక్కటేశాను. గట్టిగానే.

"ఎవరండీ ఆ కొట్టేది?" పైనుంచి సుధ కేక. "ఆ వాల్ మొన్నే కదా పెయింట్ చేయించాం!"

మెట్లమీద ఆమె అడుగుల చప్పుడు వినగానే నా చెయ్యి పచ్చడిబండతో సహా వీపు వెనక్కి పోయింది. అద్దెకి బతికింది ఆయన. చెయ్యి మాత్రం నాకిచ్చి వెళ్ళారు. గదిలోంచి అమ్మ, "ఏరా, ఎవరినడిగి కొడుతున్నావు?" అంది.

చెయ్యి ముందుకి తెచ్చాను. గొంతు సవరించుకున్నాను.

"ఐ యామ్ ది ఓనర్," అన్నాను.

చెవులు తగ్గాయి కదా, అమ్మకి వినపడలేదేమో అనుకున్నాను. "అయితే ఇంకో రెండు దెబ్బలు వెయ్యి," అంది తర్వాత. "మీ నాన్న మూడు వేసేవారు."